నాలుగు మొండేలు, ఒక గుండు

మా అటక మీద నాలుగు శవాలున్నాయని మా ఆడపడుచు ఒక ఆదివారం పొద్దున ప్రకటించింది. చేతిలో టార్చి, జుట్టు నిండా బూజు.

మా అత్తయ్య చదువుతున్న పేపరు కిందికి దించారు. "ఉండవూ మరి? నువ్వు పుట్టాక ఈ ఇంట్లో ఏ వస్తువు బతికి బట్టకట్టింది గనక!"

మా ఆడపడుచును ఇంట్లో అందరం స్క్రూ అంటాం. నడక రాకముందే రేడియో వెనక మూత ఊడదీసి, ఊడిన స్క్రూ నోట్లో వేసుకుని ఇంటిల్లిపాదినీ ఆస్పత్రికి పరిగెత్తించిందట. పెద్దయ్యాక ఆ అలవాటుకే డిగ్రీ సంపాదించింది. ఇప్పుడు ఇంటి సామాన్లు తయారుచేసే కంపెనీలో డిజైనరు.

శవాలను ఒక్కొక్కటే దించి హాల్లో వరసగా పడుకోబెట్టింది. మిక్సీ, టేబుల్ ఫ్యాను, వాక్యూమ్ క్లీనరు, మా అమ్మాయి తల ఆరబెట్టుకునే డ్రయ్యరు. నేను పాత దుప్పటి తెచ్చి పరిచేలోపే మిక్సీ అడుగు నుంచి నల్లటి పొడి నేల మీద రాలింది. ఆ మిక్సీని నేను తుడిచే పైన పెట్టాను. తుడవడానికి వేలు దూరని చోట మాత్రం ఎవరేం చేయగలరు?

"వదినా, ఇదెందుకు పోయిందో గుర్తుందా?"

"స్విచ్చి విరిగింది. బాగుచేసే అతను విప్పడం కుదరదన్నాడు."

"ఫ్యాను?"

"వైరు మొదలు దగ్గర తెగింది. అదీ విప్పడం కుదరదన్నాడు."

"ఎలా కుదురుతుంది? జిగురు పెట్టి అతికించింది మా లాంటి వాళ్లమే కదా," అంటూ చిన్న రంపంతో మిక్సీ పొట్ట కోసింది. లోపలి మోటారుకు రెండు తీగలు తగిలించి కరెంటు ఇస్తే అది గుర్రుమని తిరిగింది. ఫ్యానులోదీ తిరిగింది. మిగతా రెండూ తిరిగాయి.

స్క్రూ దుప్పటి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చిన్నపిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పింది. ఇలాంటి సామాన్లలో భూమికి ఎక్కువ బరువయ్యేది మోటారేనట. దానికి రాగి తవ్వాలి, ఇనుము కరిగించాలి, అయస్కాంతం చేయాలి. అంత కష్టపడి చేసినది నిక్షేపంగా ఉంటుంది. ముందుగా పోయేవి స్విచ్చి, వైరు, ప్లాస్టిక్కు పిడి లాంటి చిల్లర భాగాలు. వాటి కోసం మోటారునీ చెత్తలో పడేసి, మళ్లీ కొత్త మోటారున్న కొత్త సామాను తెచ్చుకుంటాం.

"అయితే ఏమంటావే?" అన్నారు అత్తయ్య.

"ఒక ఇంటికి ఒకే మోటారు చాలంటాను."

ఆ మాట వెనక ఒక పెద్ద అట్టపెట్టె కూడా ఉందని మాకు సాయంత్రానికి తెలిసింది.

పెట్టెలోంచి మోటారు లేని మిక్సీ, మోటారు లేని ఫ్యాను, మోటారు లేని వాక్యూమ్, మోటారు లేని డ్రయ్యరు బయటికి వచ్చాయి. అన్నిటికీ నడినెత్తిన ఒకే కొలత గుంట. చివర్లో ఒక మోటారు వచ్చింది. చిన్న కర్బూజా పండంత ఉంది. నున్నగా, గుండ్రంగా, పైన పట్టుకోవడానికి ఒక పిడి. దాన్ని ఏ గుంటలో పెట్టి పావు చుట్టు తిప్పినా టక్కున కూర్చుంటుంది. ఏ సామానుకు ఎంత వేగం కావాలో ఆ సామానులోని పళ్లచక్రాలే చూసుకుంటాయట. జిగురు చుక్క లేదు. వెనక మూడు మామూలు స్క్రూలు. ఏ ముక్క పోతే ఆ ముక్కే మార్చుకోవచ్చు.

"బాగానే ఉంది నీ గుండు," అన్నారు అత్తయ్య మోటారును నిమిరి. ఇక దానికి ఆ పేరే ఖాయమైంది. తల లేని సామాన్లు నాలుగూ మొండేలయ్యాయి.

స్క్రూ వాళ్ల ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. ఏ కొత్త వస్తువు చేయాలో, ఏది ఆపేయాలో నిర్ణయించేది ఆయనే. "ముందు మీ ఇంట్లో వాళ్ల చేత వాడించు. నెలాఖరుకు నేనే వచ్చి చూస్తాను," అని పంపించారట. షరతు ఒక్కటే. ఫ్రిజ్జు, బట్టల మిషను లాంటి పెద్దవి సరే, చేత్తో ఎత్తగలిగిన సామాన్లలో మాత్రం ఇంట్లో ఇంకో మోటారు తిరగకూడదు. అంచేత బతికున్న మా సామాన్లు కూడా అటకెక్కాయి. అటక తలుపుకు అడ్డంగా టేపు అంటించి, దాని మీద స్క్రూ సంతకం పెట్టింది.

మొదటి కొన్ని రోజులూ సరదాగా గడిచాయి. మా అమ్మాయి ఆ టక్కుమనే శబ్దం కోసమే గుండును తీసి పెట్టి, తీసి పెట్టి ఆడింది. సరదా తీరాక తెల్లవారడం మొదలైంది.

ఏ ఇంట్లోనైనా పొద్దున ఒకటే ఉంటుంది. పనులన్నీ దాని మీదే పడతాయి. నాకు వంటకు ఉల్లిపాయ, టమాటా ముద్ద కావాలి. అదే సమయానికి మా అమ్మాయి తలస్నానం చేసి నీళ్లు కారే జుట్టుతో నిలబడుతుంది. మా ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. నేల మీద ధూళి కనిపిస్తే డ్యూటీకి కదలని మనిషి. ఇక అత్తయ్యకు వంట వేడి తగిలిందంటే ఫ్యాను ఎదురుగా ఉండాల్సిందే. పైన తిరిగే ఫ్యాను గాలి నెత్తికి తప్ప ఒంటికి తగలదని ఆవిడ సిద్ధాంతం.

"గుండు ఎక్కడ?" అన్న కేకతోనే మా ఇల్లు నిద్ర లేచేది.

"మామ్మా, ఇవ్వు! బస్సు వెళ్లిపోతుంది!"

"ఇప్పుడేగా పెట్టుకున్నా. ఇంకా చెమటైనా ఆరలేదు."

"నా జుట్టు కూడా ఆరలేదు!"

"నీ వయసులో నేను జుట్టు ఎండలో ఆరబెట్టుకున్నా."

"అయితే చెమట కూడా ఎండలోనే ఆరబెట్టుకో!"

నేను మిక్సీ నుంచి తీసిన గుండును తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి మరీ ఇచ్చేదాన్ని. అయినా అత్తయ్య ఫ్యాను ముందు కూర్చుని, "ఉల్లిపాయ గాలి," అని కళ్లు ఒత్తుకునేవారు. మా ఆయన ఒకనాడు డిపో పద్ధతిలో ఫ్రిజ్జు మీద టైమ్‌టేబుల్ అంటించారు. మిక్సీ సర్వీసు, ఫ్యాను సర్వీసు, మధ్యలో వాక్యూమ్ స్పెషల్.

"బస్సుల్నే వేళకి పంపించలేవు, గుండును పంపిస్తావా?" అన్నారు అత్తయ్య. టైమ్‌టేబుల్ మర్నాడు చెత్తబుట్టలో కనిపించింది. ఎవరు చింపారో ఎవరూ అడగలేదు.

స్క్రూ ఈ రభసంతా వంటగది గుమ్మంలో నిలబడి, కాఫీ తాగుతూ వింటూ ఉండేది. మొదట్లో నవ్వేది. తర్వాత కాఫీ చల్లారిపోయేది.

ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ నాతో అసలు సంగతి చెప్పింది. మేం వద్దంటే పెద్దాయన ఈ పనిని అక్కడితో ఆపేస్తారు. కంపెనీ మళ్లీ జిగురు మిక్సీలే చేస్తుంది. స్క్రూను అట్టపెట్టెల విభాగానికి పంపిస్తారు.

"అంటే ఏం చేస్తావక్కడ?"

"జిగురు మిక్సీలు దారిలో విరక్కుండా థర్మోకోల్‌కి గుంటలు చెక్కుతూ కూర్చుంటా వదినా. రిటైరయ్యేదాకా." చేతిలోని చొక్కాను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. "రెండేళ్లు దీని మీదే పనిచేశా. ఇంట్లో ఎవరికీ చెప్పకు. నా మీద జాలితో వాడితే అది పరీక్షే కాదు."

నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. మర్నాడు అత్తయ్య వంటింట్లోకి వచ్చి, తలుపు ఓరగా వేసి, "నీకొక్కదానికే చెబుతున్నా. ఎవరితోనూ అనకు," అంటూ మొదలుపెట్టి, నిన్న నేను విన్నదంతా నాకే చెప్పారు. పక్క గదిలో మాత్రలు వెతుక్కుంటూ విన్నారట.

"పాపం, దాన్ని థర్మోకోల్‌కి పంపిస్తారటే," అన్నారు, అదేదో దూరదేశమైనట్టు.

సాయంత్రానికి మా ఆయన బాల్కనీలోకి పిలిచి, "ఒక మాట. నీకు మాత్రమే," అన్నారు. రాత్రి పడుకునే ముందు మా అమ్మాయి నా చెవి దగ్గరికి వచ్చి, "అమ్మా, నీకో సీక్రెట్," అంది. ఆ రోజు మా ఇంట్లో ఒకే రహస్యం ఒక్కొక్కరికే చెబుతూ అందరినీ చుట్టొచ్చింది.

మర్నాటి నుంచి ఇల్లు మారిపోయింది.

"నువ్వు వాడుకో తల్లీ," అన్నారు అత్తయ్య.

"వద్దులే మామ్మా, నువ్వే వాడుకో. నా జుట్టు దానంతటదే ఆరిపోతుంది."

"మీ నాన్నకేమన్నా కావాలేమో!"

"నాకా? నాకేం తొందర? నేల శుభ్రంగానే ఉంది," అన్నారు మా ఆయన, కాలి కింద ఇసుక కరకరలాడుతుంటే.

గుండు అలమర మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉండేది. ఒకరు తీసి ఇంకొకరికి ఇచ్చేవారు. వాళ్లు మూడోవాళ్లకు ఇచ్చేవారు. చివరికి ఎవరో తెచ్చి అలమర మీదే పెట్టేవారు. స్క్రూ ముఖం విప్పారింది. "చూశావా వదినా? అలవాటు పడటానికే టైమ్ పట్టింది. ఇప్పుడు దానంతటదే సర్దుకుంది." దాని కాఫీ వేడిగా ఉండగానే అయిపోతోంది. ఆ ముఖం చూసి, నేను కూడా గుండు మీద చెయ్యి వేయడం మానేశాను.

అయితే వంట ఆగదుగా. మా పక్క ఫ్లాటులో టైలరమ్మ ఉంటుంది. ఇంట్లోనే మిషను పెట్టుకుని కుడుతుంది. నోరు కత్తెరకన్నా పదును, మనసు మాత్రం మెత్తన. స్క్రూ స్నానానికి వెళ్లగానే నేను కోసిన ఉల్లిపాయలు డబ్బాలో వేసి, పైట కింద పెట్టుకుని ఆవిడ తలుపు తట్టేదాన్ని. ఆవిడ ఏమీ అడగకుండా మిక్సీ చూపించేది. ఒక్కోసారి మాత్రం నన్ను చూసి వింతగా నవ్వేది. అదెందుకో ఆ రోజు అర్థమైంది.

ఆ రోజు నేను కాస్త ముందు వెళ్లాను. ముందు గదిలో ఫ్యాను ఎదురుగా, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని మా అత్తయ్య కూర్చుని ఉన్నారు.

"అత్తయ్యా!"

ఆవిడ ఉలిక్కిపడ్డారు. "కొలతలివ్వడానికొచ్చా."

"కళ్లు మూసుకునా?"

"నీ పైట కింద ఏముందో ముందు అది చెప్పు!"

అంతలో లోపలి గదిలో డ్రయ్యరు చప్పుడు ఆగి, మా అమ్మాయి జుట్టు దువ్వుకుంటూ బయటికి వచ్చింది. మమ్మల్ని చూసి, దువ్వెన జుట్టులోనే వదిలేసి అలాగే నిలబడిపోయింది. నేను నోరు తెరిచేలోపు వీధి తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. మా ఆయన టైలరమ్మ వాక్యూమ్ క్లీనరును చంకలో పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి అడుగు పెట్టారు. స్క్రూ స్నానం ముగించేలోపు మా ఇల్లు ఊడ్చేసి తిరిగి తెచ్చారన్నమాట.

టైలరమ్మ నోట్లోని దారం ముక్క తీసి, "ఇది నా ఇల్లా, మీ బ్రాంచి ఆఫీసా?" అంది.

నవ్వాలో, సిగ్గుపడాలో మాకు తెలియలేదు. అత్తయ్యే ముందు తేరుకున్నారు. "ఇంకెన్నాళ్లు? పెద్దాయన వచ్చి వెళ్లేదాకానే. దాని ఉద్యోగం నిలబడితే చాలు." అందరం తలలూపాం. వరసగా వస్తే అనుమానం వస్తుందని ఒకరి తర్వాత ఒకరం ఇంటికి చేరాం. తొందరలో నా డబ్బా అక్కడే మరిచిపోయాను.

పెద్దాయన వచ్చే ముందు రోజు సాయంత్రం స్క్రూ ఆఫీసు నుంచి పాడుకుంటూ వచ్చింది. గుండును తళతళలాడేలా తుడుస్తానంది. తుడుస్తూ తుడుస్తూ దాని చేతులు ఊరుకోలేదు. వెనక మూడు స్క్రూలూ తీసింది. మోటారు లోపల రెండు చిన్న బొగ్గు ముక్కలుంటాయి. తిరిగే భాగాన్ని రాసుకుంటూ దానికి కరెంటు అందిస్తాయి. వాటిని కార్బన్లంటారు. మోటారు ఎంత తిరిగితే అవి అంత అరుగుతాయి. స్క్రూ ఒక కార్బన్‌ను బయటికి తీసి దీపం కింద పెట్టి చూసింది. పాట ఆగిపోయింది. రెండోది తీసి చూసింది.

"ఇది తిరగలేదు," అంది.

హాల్లో అందరికీ ఒక్కసారిగా ఏదో పని గుర్తొచ్చింది.

"మొదటి రెండు వారాల అరుగుదలే ఉంది. తర్వాత ఇది తిరగనే లేదు. వదినా, రోజూ వంటలోకి ముద్ద ఎక్కణ్ణుంచి వచ్చింది?"

అంతలో తలుపు తట్టిన చప్పుడైంది. టైలరమ్మ. చేతిలో నా డబ్బా. "ఇదిగో, నీ ఉల్లిపాయ డబ్బా. రేపు పొద్దున తెచ్చుకోవడానికి ఉండాలిగా!" గదిలోని ముఖాలు చూసి, "అయ్యో, చెప్పకూడదా?" అని డబ్బాను ఫ్రిజ్జు మీద పెట్టి, పోకుండా తలుపుకు ఆనుకుని నిలబడింది.

ఇక దాచడానికేమీ మిగలలేదు. ఒక్కొక్కరమే చెప్పాం. మా ఆయన వాక్యూమ్ సంగతి చెబుతూ నేల చూపులు చూశారు. అది కూడా ధూళి కోసమేనేమో.

"నేను పక్కింటికి పంపించే సామాను చేశానన్నమాట," అంది స్క్రూ.

"నీ కోసమేనే చేసింది," అన్నారు అత్తయ్య. "మేం కొట్టుకుంటే నీ ఉద్యోగం పోతుందని."

"మీరు కొట్టుకుంటేనే కదమ్మా, ఎక్కడ తప్పు చేశానో నాకు తెలిసేది! మీరంతా మంచివాళ్లైపోతే నాకెలా తెలుస్తుంది?"

ఏడుస్తుందేమోనని మా అమ్మాయి వెళ్లి దాని పక్కన కూర్చుంది. స్క్రూ ఏడవలేదు. కార్బన్‌ను వేళ్ల మధ్య దొర్లిస్తూ ప్రశ్నలు మొదలుపెట్టింది. అమ్మకి ఫ్యాను ఏ పని వల్ల కావాల్సి వస్తోంది? వదిన వంట వల్ల. అంటే మిక్సీ, ఫ్యాను ఒకేసారి తిరగాలి. తప్పదు. అన్నయ్య వాక్యూమ్ కాసేపు ఆగగలదా? మేనకోడలి జుట్టు ఆరాక ఊడిస్తే రాలిన వెంట్రుకలు కూడా పోతాయి కదా?

"అదే మంచిది," అన్నారు మా ఆయన. "ఇప్పుడైతే రెండుసార్లు ఊడవాల్సి వస్తోంది."

"అమ్మకి చెమట ఆరేలోపు వదిన ముద్ద అయిపోతుంది. అప్పుడు వదిన గుండు జుట్టుకి వెళ్తుంది. తర్వాత నేలకి." లేచి అటూ ఇటూ నడిచింది. "ఒకటి కాదు. రెండు. నాలుగు మొండేలకి రెండు గుండ్లు చాలు."

"ఇంతేనా? రెండేళ్లు పట్టిందా దీనికి?" అంది టైలరమ్మ తలుపు దగ్గర్నుంచి.

"ఒక ఇంటికి ఒకటే అని మొదటి రోజే బోర్డు మీద రాసుకున్నా. వినడానికి ముచ్చటగా ఉందని దాన్నే పట్టుకు వేళ్లాడా. ఒకటే ఉండాలని భూమీ అడగలేదు, మీరూ అడగలేదు." కార్బన్లు జాగ్రత్తగా జేబులో వేసుకుంది. "ఆఫీసులో ఇంకో గుండుంది. ఇది పాడైతే ఉంటుందని చేసింది. పొద్దున్నే తెస్తా."

"మరి పెద్దాయనకి ఏం చెబుతావే?" అన్నారు అత్తయ్య.

"జరిగింది చెబుతా."

"థర్మోకోల్?"

స్క్రూ సంచిలోంచి కొత్త కార్బన్లు తీసి గుండులో బిగించడం మొదలుపెట్టింది.

పెద్దాయన చెప్పిన వేళకే వచ్చారు. సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నారు. తల మీద ఒక్క వెంట్రుక లేదు. మా అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది. ఆయన ముందు ఎవరూ గుండు అనకూడదని మేం కళ్లతోనే తీర్మానించుకున్నాం.

స్క్రూ ఆయన్ని కూర్చోనైనా కూర్చోనివ్వలేదు. "సార్, పరీక్ష ఫెయిలైంది. సగం నెల మా వాళ్లు పక్కింట్లో గడిపారు," అని జేబులోంచి కార్బన్లు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వాటిని కళ్లకు దగ్గరగా తెచ్చుకుని చూశారు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా?"

"కొన్నవాళ్లకి తెలిసేది సార్. నెలకల్లా అటకెక్కించేవాళ్లు. ఇప్పుడు రెండు మోటార్లు పెట్టాను. ఈ ఒక్క పొద్దున చూసి వెళ్లండి."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. మేం పనుల్లో పడ్డాం. మర్యాదలన్నీ మానేసి మామూలుగా ఉండమని స్క్రూ ముందే ఆజ్ఞాపించింది. మామూలుగా ఉండటం ఎవరైనా చూస్తుంటే చాలా కష్టం. మొదట ఒక నిమిషం నాటకంలో ఉన్నట్టే ఉంది. అంతలో పొయ్యి మీద నూనె కాగింది. తర్వాత ఎవరికీ ఏమీ గుర్తులేదు.

నా మిక్సీ, అత్తయ్య ఫ్యాను ఒకేసారి మొదలయ్యాయి. నేను తీసి తుడిచేలోపే మా అమ్మాయి చేయి చాపింది. ఆమె జుట్టు సగం ఆరిందో లేదో, మా ఆయన వాక్యూమ్ మొండెం పట్టుకుని వెనకే నిలబడి డిపోలో బస్సును తరిమినట్టు "కదలాలి, కదలాలి!" అంటున్నారు. అత్తయ్య తన ఫ్యానును పెద్దాయన కుర్చీ వైపు జరిపి, ఆయనకు గాలి తగలడం లేదని మళ్లీ జరిపారు. మా ఆయన అమ్మాయి దగ్గర గుండు లాక్కుని వాక్యూమ్‌లో పెట్టి, పెద్దాయన కుర్చీ కిందికి తోశారు. ఆయన రెండు కాళ్లూ ఎత్తి, చేతిలో కార్బన్లతో అలాగే కూర్చున్నారు.

"నాన్నా, నా జుట్టు ఇంకా ఆరలేదు!" అని మా అమ్మాయి అరిచింది.

"నా ఫ్యానుది తీసుకోండిరా, నాకు చాలు," అన్నారు అత్తయ్య. ఆ మాటకి అందుకోవడానికి మా అమ్మాయి, తన చేతిలోది పోకుండా దాన్ని తెచ్చివ్వడానికి మా ఆయన ఒకేసారి ఉరికారు. ఆ తోపులాటలో ఫ్యాను వాలబోతే పెద్దాయనే లేచి పట్టుకున్నారు.

"అలాగే పట్టుకోండి బాబూ. ఆ గుండు ఇటు తిప్పండి," అన్నారు అత్తయ్య.

ఇల్లంతా ఆగిపోయింది. వాక్యూమ్ కూడా ఆగిపోయింది.

పెద్దాయన ఫ్యానును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తన తల ఒకసారి తడుముకుని, తర్వాత మోటారు వైపు చూశారు. "దీన్నే అంటారా?"

"దీన్నేనండి," అంది స్క్రూ, సగం ప్రాణంతో.

"ఆర్నెల్లుగా ఆఫీసులో దీనికి పేరు కోసం కొట్టుకుంటున్నాం," అని, ఆయన పావు చుట్టు తిప్పి గుండు తీసి మా అమ్మాయికి అందించారు. టక్కుమన్న శబ్దం విని, మళ్లీ ఒకసారి ఇమ్మని అడిగి, మళ్లీ పెట్టి చూశారు. తర్వాత అత్తయ్య వైపు తిరిగారు. "మూడోవాళ్లకి కావాల్సొస్తే?"

"కొట్టుకుంటాం. ఇల్లన్నాక కొట్టుకోమా?" అన్నారు అత్తయ్య. "పక్కింటికి మాత్రం పోం."

ఆయన వెళ్తూ గుమ్మంలో ఆగారు. "అట్టపెట్టెల సంగతి ఇంకొకరు చూసుకుంటారు, ప్రస్తుతానికి. కానీ ఈ ఇంట్లో పరీక్ష చెల్లదు. నువ్వంటే ప్రాణమిచ్చేవాళ్లు నీ వస్తువును ఎలాగైనా పాస్ చేయిస్తారు. నీ మీద జాలి లేనివాళ్లెవరైనా ఉన్నారా?"

మేమందరం ఒకేసారి పక్కింటి గోడ వైపు చూశాం.

టైలరమ్మ ఒప్పుకోవడానికి ఒక పూట తీసుకుంది. "నచ్చకపోతే నచ్చలేదనే చెప్తా. మొహమాటం నాకు చేతకాదు," అంది. అదే కావాలంది స్క్రూ. నాలుగు మొండేలు, రెండు గుండ్లు గోడ దాటి వెళ్లాయి. మా ఇంటికి స్క్రూ ఆఫీసులో ఇంకో సెట్టు చేయించి తెచ్చింది.

మొదటి వారంలోనే టైలరమ్మ పిడి జారుతోందంది. స్క్రూ పిడి ఒక్కటే మార్చింది. వైరు పొట్టిగా ఉందంది. వైరు ఒక్కటే మారింది. మూత మీద గాడిలో దారం పోగులు చేరుతున్నాయంటే నేను కూడా గొంతు కలిపాను. నా మిక్సీలోనూ ఆ గాడిలో ముద్ద ఎండిపోతోంది. గాడి వెడల్పై, వేలు దూరేలా వచ్చింది. చివరికి ఆవిడ అసలు కోరిక బయటపెట్టింది. "నా కుట్టుమిషనుకీ ఒక మొండెం చేసిపెట్టు. కాళ్లు లాగుతున్నాయి." స్క్రూ వెంటనే టేపు తీసి మిషను కొలుచుకుంది.

వానలు పడ్డాక ఒక సాయంత్రం నేను బాల్కనీలో బట్టలు తీస్తుండగా పక్కింట్లోంచి కేక వినిపించింది. స్క్రూ చెప్పులు లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది. చంకలో గుండు, అరచేతిలో రెండు కార్బన్లు ఉన్నాయి. కొసల దాకా అరిగి, చింతగింజ కన్నా చిన్నవైపోయాయి.

"అరిగాయి వదినా! పూర్తిగా అరిగిపోయాయి!"

"అరిగిపోతే సంతోషమేమిటే, పిచ్చిదానా?" అన్నారు అత్తయ్య.

"ఆవిడ రోజూ వాడిందమ్మా! నన్ను తిడుతూ తిడుతూ రోజూ వాడింది. మోటారు మాత్రం కొత్తదానిలాగే ఉంది." కార్బన్లను మడిచిన రుమాల్లో పెట్టుకుంది. "రేపు తీసుకెళ్లి పెద్దాయన బల్ల మీద పెడతా. ఆయన ఇంకేమీ అడగరు."

తర్వాత కొత్త కార్బన్లు రెండు జేబులోంచి తీసి, అత్తయ్య మంచం మీదే కూర్చుని గుండులో బిగించింది. మూడు స్క్రూలు తిప్పింది. పని అయిపోయింది. గోడ అవతల నుంచి టైలరమ్మ గొంతు ఖంగున మోగింది.

"నా గుండు ఎక్కడ? ఇక్కడ జాకెట్టు చెయ్యి సగం కుట్టి ఆగిపోయింది!"